నోటిఫికేషన్ పడేలోపు ఏం చేయాలి: డిగ్రీ, బీటెక్ వాళ్లకు ప్రభుత్వ ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్, ఉద్యోగాల దారి

లాస్ట్ డేట్ రోజు సాయంత్రం ఏ ఊళ్లోనైనా నెట్ సెంటర్‌కి వెళ్లి చూడండి. పదిమంది నిలబడి ఉంటారు, సైట్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, సెంటర్ అబ్బాయి ఒక్కొక్కరినీ అడుగుతుంటాడు: "క్యాస్ట్ సర్టిఫికెట్ సెంట్రల్‌దా, స్టేట్‌దా? మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉందా, పొడి అక్షరమేనా? సంతకం స్కాన్ తెచ్చావా?" సగంమంది దగ్గర జవాబు ఉండదు. ఇంటికి ఫోన్ చేస్తారు, అమ్మ బీరువా వెతికి వాట్సాప్‌లో ఫొటో పెడుతుంది, అది మసగ్గా వస్తుంది. వీళ్లెవరూ చదవలేక ఆగిపోయినవాళ్లు కాదు. పరీక్ష హాలు దాకా రాకుండానే కాగితాల దగ్గర ఆగిపోయినవాళ్లు. అందులో నేనూ ఒకణ్ణి, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

కాబట్టి ఇక్కడ సిలబస్ ఊసు ఉండదు. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, ఈమధ్యే పాసై "ఇప్పుడేం చేస్తున్నావ్" అన్న చుట్టాల ప్రశ్నకు జవాబు వెతుక్కుంటున్నవాళ్లు ఏ పని ముందు, ఏ పని తర్వాత చేయాలో చెబుతాను.

ముందు ఈ మూడింటినీ కలిపేయకండి

ఇంటర్న్‌షిప్ అంటే చదువుకుంటూ కొన్ని వారాలో నెలలో ఒక కార్యాలయంలోనో ల్యాబ్‌లోనో పని నేర్చుకోవడం. చాలాచోట్ల డబ్బులివ్వరు, కొన్నిచోట్ల బాగానే ఇస్తారు. అప్రెంటిస్ అంటే 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద చేసే శిక్షణ. దీనికి ఒప్పందం ఉంటుంది, నెలనెలా స్టైపెండ్ ఉంటుంది, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. కానీ ఆ చట్టం ప్రకారమే మీరు 'ట్రైనీ', ఉద్యోగి కాదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత కూడా సంస్థకు లేదు. మూడోది రిక్రూట్‌మెంట్, అంటే ఎస్‌ఎస్‌సీ (పదో తరగతి కాదు, కేంద్ర ఉద్యోగాలు భర్తీచేసే స్టాఫ్ సెలెక్షన్ కమిషన్), రైల్వే, బ్యాంకు, గ్రూప్స్ వగైరా. అసలు ఉద్యోగం వచ్చేది ఈ మూడో దారిలోనే.

"ఫలానా సంస్థలో అప్రెంటిస్ చేస్తే పర్మనెంట్ చేస్తారట" అన్న మాట ఊళ్లలో బాగా తిరుగుతుంది. పాక్షికంగా నిజమైన చోటు ఒకటుంది. రైల్వేల్లో ఈ చట్టం కింద శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లకు లెవెల్-1, అంటే అన్నిటికంటే కింది స్థాయి, నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. అక్కడ కూడా పరీక్ష రాయాల్సిందే. మిగతా చోట్ల అలాంటి ఆశ పెట్టుకుని ఏడాది గడిపేయకండి. నేర్చుకున్న పని కోసం, సర్టిఫికెట్ కోసం వెళ్లండి.

కాగితాలు: వారం రోజులు దీనికే కేటాయించండి

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొనండి. అందులోకి మొదట వెళ్లాల్సింది పదో తరగతి మెమో. ప్రభుత్వం దృష్టిలో మీ పేరు, మీ పుట్టినతేదీ అంటే అందులో ఉన్నవే. ఆధార్, పాన్, డిగ్రీ మెమో, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. మన పేర్లతో తంటా ఏమిటంటే ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట పొడి అక్షరం, మరోచోట పేరు చివర. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో లక్ష్మికి ఒక కాగితంలో ఒక అక్షరం ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ.

నాకు జరిగింది ఇదే. పదో మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో మొత్తం పేరు. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో అప్రెంటిస్‌కి షార్ట్‌లిస్ట్ అయి వెరిఫికేషన్‌కి వెళ్తే "ఈ ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తీసుకురా" అన్నారు. గడువు మర్నాటి మధ్యాహ్నం. రెండో శనివారం. నోటరీ దొరకలేదు. తప్పు వాళ్లది కాదు; మూడేళ్లుగా నా జేబులోనే ఉన్న ఆధార్‌ని మెమో పక్కన పెట్టి ఒక్కసారి కూడా చూసుకోలేదు నేను. మీరు మాత్రం ఆధార్‌నే పదో మెమోకు తగ్గట్టు మార్పించుకోండి. మెమోని మార్పించడం ఏళ్ల పని, ఆధార్ కొద్ది రోజుల పని.

తర్వాత కులం, ఆదాయం కాగితాలు. బీసీ అయితే ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. బీసీ-ఏ, బీసీ-బీ అని ఉండే సర్టిఫికెట్ రాష్ట్ర ఉద్యోగాలకు. కేంద్ర ఉద్యోగాలకు కావాల్సింది కేంద్రం నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (బీసీల్లో బాగా ఉన్నవాళ్ల కోవలోకి, అంటే క్రీమీలేయర్‌లోకి, మీరు రారని చెప్పేది), అది వేరు. పైగా రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, మీది ఉందో లేదో ముందే చూసుకోండి. క్రీమీలేయర్ హద్దు ఏడాదికి 8 లక్షలు. ఆ లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఇది తెలియక "మా నాన్నకు జీతం ఎక్కువ, మాకు రాదు" అని అప్లై చేయకుండా వదిలేసినవాళ్లున్నారు. అయితే నాన్న ఏ హోదాలో ఉద్యోగంలో చేరారన్నది వేరుగా చూస్తారు, అది కూడా కనుక్కోండి. ఈడబ్ల్యూఎస్ (ఏ రిజర్వేషనూ లేని కులాల్లో ఆదాయం తక్కువున్న) వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది: అది ఏటా కొత్తగా తీసుకోవాల్సిన కాగితం. పోయిన ఆర్థిక సంవత్సరంలో తీసుకున్న సర్టిఫికెట్ పట్టుకెళ్తే వెనక్కి పంపేస్తారు. ఏప్రిల్ రాగానే, తహసీల్దారు ఆఫీసులో రద్దీ పెరగకముందే పెట్టేసుకోండి.

రాష్ట్ర ఉద్యోగాలకైతే లోకల్, నాన్ లోకల్ తేల్చే స్టడీ సర్టిఫికెట్లు ప్రాణం. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మీరు ఏ జిల్లా, ఏ జోన్ మనిషో తేలేది మీ ఇల్లు ఎక్కడుందన్న దాన్ని బట్టి కాదు, మీరు చదివిన బళ్లను బట్టి. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు నుంచి పది దాకా చదువు చూస్తారు. తెలంగాణలో 2018 ఉత్తర్వుల తర్వాత ఒకటి నుంచి ఏడు దాకా వివరాలు అడుగుతున్నారు. ఒకటో తరగతి చదివిన బడి మూతపడి ఉండొచ్చు, పక్క ఊరి బడిలో కలిపేసి ఉండొచ్చు. అలాంటప్పుడు మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి, పాత రికార్డులు ఎక్కడికి చేరాయో వాళ్లు చెబుతారు. ప్రైవేటు బడి అయితే యాజమాన్యం ఊళ్లో ఉండగానే బోనఫైడ్ రాయించుకోవడం మంచిది. ఈ ఒక్క పనికి సెలవుల్లో ఊరికి వెళ్లినా వెళ్లినట్టే.

చివరిగా కాలేజీ దగ్గరున్న ఒరిజినల్స్. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని టీసీ, మెమోలు ఇవ్వకుండా తిప్పించే కాలేజీల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కనీసం ప్రొవిజనల్, మార్కుల కన్సాలిడేటెడ్ మెమో నకళ్లు చేతిలో పెట్టుకోండి. డిజిలాకర్‌లో ఏమేం దొరుకుతాయో చూసుకోండి. సీజీపీఏని శాతంలోకి మార్చే సూత్రం మీ యూనివర్సిటీది ఏదో లిఖితంగా తీసుకోండి. చాలా అప్లికేషన్లు శాతమే అడుగుతాయి, మీకు మీరు పదితో గుణించి వేస్తే వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

ఇంకా చదువుతుంటే: ఇంటర్న్‌షిప్

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ వాళ్లకు 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ కోర్సులోనే భాగం. ఎలాగూ చేయాల్సిందే కదా అని కాగితాల మీద మాత్రమే ఉన్న చోట సంతకం పెట్టించుకోవడం కంటే, అదే కాలాన్ని నిజమైన చోట గడపొచ్చు.

అందరికీ తెలిసిన పేరు నీతి ఆయోగ్. ప్రతినెలా ఒకటో తేదీ నుంచి పదో తేదీ దాకా ఆన్‌లైన్‌లో తెరుచుకుంటుంది. కనీసం ఆరు వారాలు, గరిష్ఠంగా ఆరు నెలలు. డిగ్రీ రెండో ఏడాది పూర్తయి, ఇంటర్‌లో 85 శాతానికి తగ్గకుండా ఉండాలి. స్టైపెండ్ లేదు, లాప్‌టాప్ కూడా మీదే. ఢిల్లీలో ఉండే ఖర్చు లెక్కేసుకుని దిగండి. రిజర్వ్ బ్యాంకు వేసవి ఇంటర్న్‌షిప్ దీనికి పూర్తి భిన్నం. పీజీ, ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్, లా విద్యార్థులకు, అదీ చివరి ఏడాదికి ముందు ఏడాదిలో ఉన్నవాళ్లకు. స్టైపెండ్ బాగుంటుంది. కానీ దరఖాస్తులు అంతకుముందు అక్టోబరు, డిసెంబరు మధ్యే అయిపోతాయి. వేసవి ఇంటర్న్‌షిప్ కదా అని మార్చిలో వెతికితే దొరకదు.

సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకైతే హైదరాబాద్ పక్కన పెట్టుకుని ఢిల్లీ వైపు చూడటం నాకెప్పుడూ అర్థం కాదు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ల్యాబులు ఇక్కడే వరసగా ఉన్నాయి: క్షిపణులకు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్ఎల్, లోహాలకు డీఎంఆర్ఎల్, ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలకు డీఎల్ఆర్ఎల్. విశాఖలో నౌకాదళ పరిశోధనకు ఎన్ఎస్‌టీఎల్ ఉంది. మళ్లీ హైదరాబాద్‌లోనే ఉపగ్రహ చిత్రాలకు ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ, జీవశాస్త్రానికి సీసీఎంబీ, రసాయనాలకు ఐఐసీటీ, భూగర్భ పరిశోధనకు ఎన్‌జీఆర్ఐ (ఈ మూడూ సీఎస్ఐఆర్‌వి), సముద్రాల సమాచారానికి ఇన్‌కాయిస్, అన్నీ సిటీ బస్సులో వెళ్లగలిగే దూరంలోనే. ఇస్రోలో ఇంటర్న్‌షిప్‌కి 60 శాతం లేదా పదికి 6.32 సీజీపీఏ అడుగుతారు.

ఈ ల్యాబుల్లో అడిగే పద్ధతి ఒకటుంది. సొంతంగా మెయిల్ కొట్టి ఊరుకుంటే జవాబు రాదు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపల్ గానీ హెచ్‌వోడీ గానీ సంతకం చేసిన సిఫారసు లేఖ ఉండాలి. అందులో మీ పేరు, రోల్ నంబరు, ఏ సెమిస్టరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఖాళీ, కాలేజీకి అభ్యంతరం లేదన్న మాట ఉంటే చాలు. మీ తరఫున జతచేసే పేజీలో మాత్రం "నాకు అంతరిక్షమంటే చిన్నప్పటి నుంచి ఇష్టం" అని రాయకండి. ఆ ల్యాబు ఏ పని చేస్తుందో చూసి, అందులో మీకు చేతనైంది ఒకటి చెప్పండి: "ఉపగ్రహ చిత్రాల్లో చెరువుల విస్తీర్ణం లెక్కగట్టడం మినీ ప్రాజెక్టులో పైథాన్‌తో చేశాను, వేసవిలో ఇదే దారిలో పనిచేయాలనుంది." ఆ ఒక్క వాక్యం చదివిన సైంటిస్టుకు మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుస్తుంది. ఎండాకాలానికి కావాలంటే సంక్రాంతిలోపు పంపండి. భద్రతా తనిఖీలకే వారాలు పడుతుంది.

మున్సిపాలిటీలు, కార్పొరేషన్లలో చేయాలనుకునే కొత్త గ్రాడ్యుయేట్లకు 2020లో మొదలైన 'ట్యులిప్' ఉంది, ఫలితాలు వచ్చిన 18 నెలల్లోపు వాళ్లకు. సివిల్, ప్లానింగ్ చదివినవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, ఒక పట్టణంలో డ్రైనేజీ ఎందుకు పొంగుతుందో దగ్గరుండి చూసినవాడికి ఇంటర్వ్యూలో మాటలు వెతుక్కునే పని ఉండదు.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి చాలామంది అడుగుతారు. పేరులో ప్రభుత్వం ఉన్నా పని చేసేది పెద్ద కంపెనీల్లో. 2024 అక్టోబరులో మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు, ఏడాదిపాటు, నెలకు 5,000, మొదట్లో ఒకసారి 6,000 అని పెట్టారు. ఫుల్‌టైమ్ చదువులోనో ఉద్యోగంలోనో ఉన్నవాళ్లకు, ఐఐటీ, ఐఐఎం పట్టభద్రులకు, ఇంట్లో పర్మనెంట్ ప్రభుత్వ ఉద్యోగి ఉన్నవాళ్లకు వర్తించదన్నారు. ప్రతి విడతకూ నిబంధనలు చూసుకునే దిగండి. సొంతూరికి దూరంగా వేస్తే ఆ డబ్బులు హాస్టల్‌కే సరిపోతాయి, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

పాసైపోయి ఉంటే: అప్రెంటిస్

బీటెక్, డిప్లొమా, మామూలు డిగ్రీ వాళ్లకు దారి ఎన్ఏటీఎస్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్, కేంద్ర విద్యాశాఖది. దక్షిణాది రాష్ట్రాల వ్యవహారం చెన్నైలోని బోర్డు చూస్తుంది. ఐటీఐ వాళ్లది వేరే పోర్టల్, నైపుణ్యాభివృద్ధి శాఖ కింద. ముందు పోర్టల్‌లో మీ పేరు నమోదు చేసుకుని ఎన్‌రోల్‌మెంట్ నంబరు తెచ్చుకోండి, అది పూర్తిగా ఉచితం. చాలా ప్రభుత్వ రంగ సంస్థలు ఆ నంబరు లేకుండా దరఖాస్తే తీసుకోవు. నోటిఫికేషన్ పడ్డాక నమోదుకు కూర్చుంటే ప్రొఫైల్ వెరిఫై అయ్యేలోపు గడువు దాటిపోతుంది. బ్యాంకు ఖాతా ఆధార్‌కు లింకై ఉండాలి, స్టైపెండ్‌లో ప్రభుత్వం వాటా నేరుగా అందులో పడుతుంది.

మన చుట్టుపక్కల చూడాల్సిన పేర్లు: హైదరాబాద్‌లో ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్), బీడీఎల్ (క్షిపణులు), మిధాని (ప్రత్యేక లోహాలు), బీహెచ్‌ఈఎల్ (విద్యుత్ యంత్రాలు), హెచ్‌ఏఎల్ (విమాన పరికరాలు), ఎన్ఎఫ్‌సీ (అణు ఇంధనం), విశాఖలో స్టీల్ ప్లాంట్, ఐటీఐ వాళ్లకు దక్షిణ మధ్య రైల్వే. స్టేట్ బ్యాంకు కూడా డిగ్రీ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. 2023లో 6,160 ఖాళీలకు నోటిఫికేషన్ ఇచ్చింది, నెలకు 15,000 చొప్పున. అక్కడ స్థానిక భాష పరీక్ష ఉంటుంది, తెలుగు చదవడం రాయడం వచ్చి ఉండాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివి తెలుగు అక్షరాలు మర్చిపోయినవాళ్లకు చెబుతున్నాను.

ఇక్కడ తొందరపడితే నష్టపోయే సంగతి ఒకటి. ఈ అప్రెంటిస్ ఒక్కసారే. ఒకచోట ఏడాది చేశాక, లేదా ఎక్కడైనా ఏడాది ఉద్యోగానుభవం వచ్చాక, మళ్లీ అర్హత ఉండదు. ఏ సంవత్సరంలో పాసైనవాళ్లను తీసుకుంటారో కూడా నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. అందుకని ఇంటి పక్కన ఏదో చిన్న యూనిట్ పిలిచిందని చేరిపోకుండా, రెండు మూడు నెలలు ఆగి మీ బ్రాంచికి సరిపడే చోటు చూసుకోండి. చేరాక మొదటి వారంలోనే మీ ఒప్పందం పోర్టల్‌లో నమోదైందా అని మీరే లాగిన్ అయి చూడండి. అది నమోదు కాకపోతే చివర్లో సర్టిఫికెట్ రాదు.

ఇక ఉద్యోగాల పరీక్షలు

డిగ్రీ చదివితే కేంద్ర శాఖల ఉద్యోగాలకు ఎస్‌ఎస్‌సీ సీజీఎల్, రైల్వేలో స్టేషన్ మాస్టర్, క్లర్కు లాంటి పోస్టులకు ఎన్‌టీపీసీ, బ్యాంకులకు ఐబీపీఎస్ పీవో, క్లర్క్ (దీన్నే ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు), రాష్ట్రంలో గ్రూప్స్. చాలామంది ఇవన్నీ ఒకేసారి రాస్తారు. నా మాట వింటే లెక్కలు, రీజనింగ్ ఉండే కేంద్ర పరీక్షలు ఒక జట్టు, చరిత్ర, పాలిటీ ఉండే గ్రూప్స్ ఒక జట్టు. రెండింటి మీదా ఒకే ఏడాది కూర్చోవడం రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే.

కోచింగ్‌కి ముందు చేయాల్సింది వన్ టైమ్ రిజిస్ట్రేషన్, అంటే ఆ కమిషన్ సైట్‌లో మీ వివరాలు ఒకసారి నమోదు చేసుకోవడం. ఎస్‌ఎస్‌సీ 2024లో కొత్త సైట్‌కి మారింది, పాత సైట్‌లో చేసుకున్నది పనికిరాదు. ఏపీపీఎస్సీకి, టీజీపీఎస్సీకి విడివిడిగా చేసుకోవాలి. వాళ్లంతా వచ్చే ఏడాది పరీక్షల క్యాలెండర్ ముందే ఇస్తుంటారు, దాన్ని గోడకు అంటించుకోండి.

చివరి ఏడాది వాళ్లు నోటిఫికేషన్‌లో మొదట వెతకాల్సింది ఖాళీల సంఖ్య కాదు, 'ఫలానా తేదీ నాటికి డిగ్రీ ఉండాలి' అన్న వాక్యం. సివిల్స్ ప్రిలిమ్స్‌కి చివరి ఏడాది వాళ్లూ రాయొచ్చు. ఎస్‌ఎస్‌సీ, బ్యాంకులు ఒక తేదీ పెడతాయి, ఆలోపు ఫలితాలు వచ్చి ఉండాలి. ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉండి, సప్లిమెంటరీ ఫలితం ఆ తేదీ దాటాక వస్తే, పరీక్షలో ర్యాంకు వచ్చినా చివర్లో తీసేస్తారు.

అప్లికేషన్ మీరే నింపండి

నెట్ సెంటర్‌లో వేయించినా పక్కన కూర్చుని ప్రతి గడీ చదవండి. అక్కడి అబ్బాయి తన మెయిల్, తన నంబరు ఇచ్చేసి, మీ హాల్ టికెట్ మెసేజ్ అతని ఫోన్‌కి వెళ్లిన సందర్భాలున్నాయి. ఐబీపీఎస్‌కి ఫొటో, సంతకంతోపాటు ఎడమ బొటనవేలి ముద్ర, చేత్తో రాసిన డిక్లరేషన్ కావాలి. తెల్ల కాగితం, నల్ల ఇంకు. సంతకం మొత్తం ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరాల్లో పెడితే ఒప్పుకోరు. ఎస్‌ఎస్‌సీ అయితే 2024 నుంచి ఫొటో అప్‌లోడ్ చేయడం లేదు, కెమెరా ముందు లైవ్‌గా తీస్తోంది. వెనక తెల్లగోడ, మొహం మీద వెలుతురు, కళ్లజోడు తీసేయడం చూసుకోండి. ఎస్‌ఎస్‌సీ ఫీజు 100 రూపాయలే, ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు అదీ లేదు.

నోటిఫికేషన్‌లో ఉన్న ఫీజుకు మించి, వేలల్లో అడిగారంటే అక్కడ ఆగండి. "బ్యాక్‌డోర్‌లో వేయిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ 5,000" అనేవాళ్లు, జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపేవాళ్లు, టెలిగ్రామ్‌లో లింకు పెట్టేవాళ్లు ఉంటారు. కేంద్ర ప్రభుత్వ చిరునామాలు సాధారణంగా జీవోవీ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్‌తో ముగుస్తాయి. అనుమానం వస్తే ఆ సంస్థ అసలు సైట్‌లో కెరీర్స్ పేజీ తెరిచి, అదే నోటిఫికేషన్ నంబరు ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని.

అప్లై చేశాక పీడీఎఫ్‌ని మీ మెయిల్‌కి మీరే పంపుకోండి. రిజిస్ట్రేషన్ నంబరు, పాస్‌వర్డ్ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పరీక్ష ఆర్నెల్లకు రావొచ్చు, ఫలితం ఏడాది దాటాక రావొచ్చు, అప్పటికి మీరు బెంగళూరులోనో పుణెలోనో వేరే పనిలో ఉండొచ్చు. వెరిఫికేషన్‌కి పిలిచే మెసేజ్ మాత్రం అప్లికేషన్‌లో ఇచ్చిన నంబరుకే వస్తుంది. ఆ సిమ్‌కి రీచార్జ్ ఆపకండి.